చెవిలో పడాల్సిన మాట

రండి బిడ్డలారా, ఆ గడప దగ్గర నిలబడితే సగం మాటలు గాలికే పోతాయి. ఈ చాప మీదికి రండి. నా మోకాలికి మీ మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. కాగితం మీద చదివేవాళ్లు కూడా అట్లాగే జరిగి కూర్చున్నారనుకుని చెబుతాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. రెండో తరగతి పుస్తకం సగంలో ఉండగానే మా అమ్మ వెంట పురుళ్లకు పోవడం మొదలుపెట్టాను. మిగతా అక్షరాలు దవాఖానలో మందు సీసాల మీద చూసి నేర్చుకున్నాను. అందుకే నా రాత కొంచెం మందు వాసన వస్తుంది, ఏమనుకోకండి.

నేను ఆయాగా పనిచేసింది మిషన్ వాళ్ల చిన్న దవాఖానలో. చిట్యాలకు ఇవతల, టేకుమట్ల దారి చీలే చోట, పెంకుటింట్లో నడిచేది. ఇప్పుడు చెల్పూరు కరెంటు గొట్టాలు దూరం నుంచే కనబడతాయి కానీ అప్పుడు అటంతా చెట్లే.

అవి సంఘం రోజులు. జనగామ వైపు గడీల తలుపులు ఊడుతున్నాయనీ, వెట్టి చేయబోమని జనం నిలబడ్డారనీ ముందు మాట వచ్చింది. తరువాత మనుషులే వచ్చారు, భుజాన తుపాకులతో, భూపాలపల్లి అడవుల వైపు పోతూ. ఆ వెనక రజాకార్లు వచ్చారు. ఆ వెనక యూనియన్ సైన్యం వచ్చింది. ఒకరి వెనక ఒకరు వచ్చిపోతుంటే మా దవాఖాన మాత్రం ఉన్నచోటే ఉంది. కాలికి ముల్లు దిగినవాడు వచ్చినా తూటా దిగినవాడు వచ్చినా మా నర్సమ్మ మొదట అనే మాట ఒక్కటే, "ముందు కాళ్లు కడుక్కుని రండి."

ఆ నర్సమ్మ గురించి చెప్పాలి. నా చేతికి పని నేర్పిన మనిషి, ఈ రోజు నేను తింటున్న పింఛను ముద్దలో ఆమె చేయి ఉంది. కోస్తా ఆమె. క్రైస్తవురాలు. బెజవాడ వైపు నుంచి రైలెక్కి మానుకోటలో, అదే ఇప్పటి మహబూబాబాదులో దిగి, అక్కడి నుంచి బండిలో ఊగుతూ మా దగ్గరికి వచ్చింది. "నొప్పులు ఎప్పట్నించి వస్తున్నాయండీ?" అని ఆమె అడిగితే మా ఆడవాళ్లు ఆ 'అండీ'కి నొప్పుల్లో కూడా నవ్వేవారు. మా మాటను మాత్రం ఆమె ఏనాడూ ఎక్కిరించలేదు. పైగా 'జర' అనే మాట ఆమె నాలుకకు ఎంతగా అంటుకుందంటే, ఓ ఆదివారం ప్రార్థనలో "ప్రభువా, మమ్మల్ని జర చూడు" అనేసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా అమ్మ ఊరి మంత్రసాని. బిడ్డను బయటికి తేవడం పనిలో సగమేననీ, ఆ ఇంటి పద్ధతిలో ఆ ఇంటి చేతుల్లో పెట్టడం మిగతా సగమనీ ఆమె నమ్మకం. కాపుల ఇంట్లో చేటలో బియ్యం పోసి, పాత మెత్తటి బట్ట పరిచి, దాని మీద పడుకోబెట్టాలి. క్రైస్తవుల ఇంట్లో ప్రార్థన అయ్యేదాకా బొడ్డుకు కట్టిన గుడ్డ కూడా సర్దకూడదు. తండాలో వాళ్ల ముసలవ్వ తమ మాటలో పాడుతూ లోపల చూసుకునేది, మేము బయట నీళ్లు కాచేవాళ్లం. సాయెబుల ఇళ్లకు వేరే దాయి, అంటే వాళ్ల మంత్రసాని, ఉండేది. అందుకని వాళ్లింట్లో బిడ్డ పుడితే ఏం చేస్తారో నాకు తెలియదు.

మరి వాళ్ల మతం గురించి నాకు తెలిసిందేమిటంటే పీరీలు. పీరీల పండుగ, అదే మొహర్రం, అందరిదీ కదా. గుండం తవ్వేది మనవాళ్లే, పీరీ ఎత్తుకునేది మనవాళ్లే, మలీద ముద్ద కోసం తోసుకునేది మనవాళ్లే. నేను చిన్నప్పుడు జబ్బు పడితే మా అమ్మ మొక్కింది కూడా పీరీలకే. సాయెబుల దేవుడంటే ఆ వెండి చేయీ, రంగు రంగుల గుడ్డలూ, నిప్పుల గుండమూ అనే నేను అనుకున్నాను. ఊళ్లో సగం మంది అట్లాగే అనుకునేవారు. ఆ అనుకోవడమే ఆ రోజు మమ్మల్ని కాస్త తిప్పలు పెట్టింది.

సైన్యం వచ్చిన కొత్తలో, పత్తి పలిగే రోజుల్లో, పొద్దున్నే ఒక బండి వచ్చి ఆగింది. తోలుకొచ్చింది పక్క ఊరి గౌడన్న. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, సంఘంలో చేరినవాడు, ఆ ఊరి పెద్ద పీరీని ఏటేటా ఎత్తేవాడు కూడా. బండిలో బొంత కప్పుకుని ఒక సాయెబుల కోడలు, నిండా ఇరవై దాటని పిల్ల.

"అక్కా, జర తొందరగ చూడుండ్రి. బండిల్నే అయితదేమోనని నా పాణం పోయింది" అన్నాడు గౌడన్న.

"నీ పాణమెందుకు పోయింది? నొప్పులు ఆమెకు గద" అన్నాను.

"నొప్పులు ఆమెకే. తిట్లు నాకు. ఎడ్లు ఉరికితే తిట్టె, నడిస్తే తిట్టె."

ఆమెను లోపలికి తీసుకుపోయాక నాతో చెప్పాడు. ఆమె భర్త కచ్చేరీలో జవాను. తుపాకి పట్టినవాడు కాదు, కాగితాలు మోసేవాడు. అయినా సైన్యం వచ్చాక, రజాకార్లని చెప్పి ఇంకా కొందరితో పాటు లారీలో ఎక్కించుకుపోయారు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో తెలియదు. మామ అంతకుముందే చనిపోయాడు. మిగతా సాయెబుల్లో మగవాళ్లు కొందరు వరంగల్లు వైపు పోయారు, కొందరు చేలల్లో దాక్కున్నారు, కొందరు మరి తిరిగి రారు. ఆ పిల్ల మీద చేయి పడకుండా సంఘం వాళ్లు ఇంటి ముందు కూర్చున్నారట. నొప్పులు మొదలయ్యేసరికి గౌడన్న బండి కట్టాడు.

ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు. గుప్పెడంత ఉంది. ఏడుపు పిల్లికూన గొంతులా వచ్చింది. మేము "హమ్మయ్య" అనుకునేలోపే నర్సమ్మ ముఖం మారింది. తల్లికి రక్తం ఆగడం లేదు. దాన్ని ఆపే మందు మా బీరువాలో అయిపోయి చాలా రోజులైంది. కొత్త పెట్టె మానుకోట స్టేషనులో దిగి ఉందని కబురు వచ్చింది కానీ, ఆ దారిన పోయి తెచ్చే ధైర్యం ఎవరికీ లేదు. నర్సమ్మ అరచేత్తో ఆమె పొట్టను రుద్దుతూ నాతో అంది, "పాపని రొమ్ముకి పట్టించు. బిడ్డ చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తం కట్టుకుంటుంది. ఇప్పుడు మనకున్న మందు ఈ పాపే."

బిడ్డను దగ్గరికి తీసుకుపోతే ఆ తల్లి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"వద్దక్కా. చెవుల అజాన్ పడంది నోట్లె పాలు పొయ్యొద్దు."

"గదేంది?"

"పుట్టంగనే చెవుల చెప్పాలె. దేవుని మాట. గదే ముందు ఇనాలె. మా ఇండ్ల గట్లనే."

నర్సమ్మ నెమ్మదిగా అడిగింది. "నీకు ఆ మాట వచ్చు కదమ్మా? నువ్వే చెప్పేయొచ్చు కదా?"

ఆమె గోడ వైపు నుంచి ముఖం ఇటు తిప్పింది. తరువాత అంది, "వస్తదమ్మా. గని మా ఇండ్ల మగోళ్లు చెప్తరు. దీనికి దీని అబ్బా, నాయిన, చెప్పాలె, లేకుంటె ఆయన తరఫున ఇంకో మగోడు చెప్పాలె. నేను చెప్పిననంటే, దీనికి నాయిన లేడని నేనే ఒప్పుకున్నట్టయితది. నేను ఒప్పుకోను."

అందరూ నన్ను అడుగుతుంటారు, ఆ మాట విని మీ నర్సమ్మ కోప్పడలేదా, మూఢనమ్మకమని తిట్టలేదా అని. లేదు బిడ్డలారా. ఆమె చేయి పొట్ట మీద రుద్దుతూనే ఉంది. నా వైపు తిరిగి అంది, "నేను ప్రార్థన లేకుండా ఒక్క పురుడైనా మొదలుపెట్టానా? ఆమె కూడా అంతే. వెళ్లు, ఆ మాట వచ్చిన మగమనిషిని ఎవరినైనా పట్టుకురా. నా చెయ్యి పడిపోయేలోపు రా."

బయటికి పరిగెత్తాను. గౌడన్న ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు. "అన్నా, బిడ్డ చెవుల సాయెబుల దేవుని మాట పడాలంట. మగోడే చెప్పాలంట. ఎవలున్నరు?"

"గదేనా! నేనున్న గద!" అని గడ్డి కింద పడేశాడు. "మా తాత ఎత్తిండు, మా నాయిన ఎత్తిండు, నేను ఎత్తుతున్న. పీరీల మాట నాకు రాకుంటె ఎవనికొస్తది?"

"సంఘంల చేరినంక దేవుడు లేడని చెప్పిండ్రంట గద నీకు?"

"దేవుడు లేడన్నరు. పీరీలు లేవనలే."

నాకు కూడా సరైన మనిషే దొరికాడనిపించింది. అతను కాళ్లు కడుక్కున్నాడు, తువ్వాలు నడుముకు బిగించాడు. మొలతాడుకు కట్టుకున్న చిన్న మూట విప్పి గుండంలో తీసిన ఊదు, పీరీల బూడిద, చిటికెడు తీశాడు. తెర ఇవతలికి బిడ్డను తెచ్చాను. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, నిప్పుల మీద దూకేముందు ఎట్లా అరుస్తాడో అట్లాగే అరిచాడు. "దూలా! దూలా!"

బిడ్డ ఉలిక్కిపడింది. నేను ఉలిక్కిపడ్డాను. బయట ఎడ్లు మెడలు లేపాయి. తెర వెనక నుంచి "అయ్యయ్యో!" అని నర్సమ్మ గొంతు వినబడింది. ఆ తరువాత ఇంకో చప్పుడు. తల్లికి ఏమైందోనని పరిగెత్తాను. తెర తీసి చూస్తే ఆమె నవ్వుతోంది. నవ్వడానికి ఒంట్లో బలం లేక, రెండు చేతులతో పక్కలు పట్టుకుని, కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే నవ్వుతోంది.

"అన్నా, గది పీరీల ముంగట ఎగిరేటప్పుడు అనేది. అజాన్ గాదు."

గౌడన్న ముఖం చూడాలి మీరు. "రెండు ఒక్కటి గాదా?"

"కాదన్నా."

"మరి ఇన్నేండ్ల సంది నేను ఎత్తింది మీ దేవున్ని గాదా?"

"గది గూడ మాదే. మీది గూడ. గని చెవుల చెప్పేది వేరే ఉంటది." అతని ముఖం వాడిపోవడం చూసి, "ఊదు పెట్టు అన్నా దాని నెత్తికి. గది మంచిదే" అంది.

అతను ఊదు పెట్టాడు. ఆ నవ్వుకు రక్తం ఇంకా ఎక్కువైందని నర్సమ్మ నాకు కళ్లతోనే చెప్పింది.

అప్పుడు ఆ తల్లి కళ్లు మూసుకుని, ఎవరితోనో కాదన్నట్టు అంది. "టేకుమట్ల తొవ్వల పింజారాయన ఉన్నడు. ఆయనకు వస్తదో రాదో."

పింజారి అంటే దూది ఏకేవాళ్లు, దూదేకుల వాళ్లు. మీలో చాలామందికి తెలియదేమో. వాళ్లు కూడా ముస్లింలే, కానీ ఇంట్లో మాట తెలుగు. పెళ్లికి తాళి కడతారు, ఆడవాళ్లు బొట్టు పెట్టుకుంటారు, చనిపోతే పూడ్చిపెడతారు. పెద్ద సాయెబులు వాళ్లను తమలో కలుపుకునేవారు కాదు. మనవాళ్లు పండుగల్లో పిలిచేవారు, పెళ్లి సంబంధం మాట వస్తే మాత్రం "వాళ్లు వేరు" అనేవారు. ఆ ముసలాయన ఏటేటా ఈ పిల్ల అత్తవారింటికి పరుపులు ఏకడానికి వచ్చేవాడట. వాకిట్లో కూర్చుని ఏకి, వాకిట్లోనే తిని పోయేవాడట.

"మా మామ ఆయనను సాయెబు అనకపోయేది" అంది ఆమె.

గౌడన్న బండి కట్టాడు. ఎడ్లను ఎంత ఉరికించాడంటే నా పళ్లు టకటకలాడాయి. దారిలో రోడ్డు పక్కన సైన్యం గుడారాలు ఉన్నాయి. ఆడమనిషి, ఖాళీ బండి, ఏమనలేదు.

ముసలాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఉండే గడ్డం లేదు. నుదుటి నిండా ఇంత వెడల్పు అడ్డబొట్టు. నేను గుర్తుపట్టడానికి రెండోసారి చూడాల్సి వచ్చింది. ఆయన భార్య చేటలో పత్తి గింజలు ఏరుతోంది. వచ్చిన పని చెప్పాను.

"నేను సాయెబునని నీకెవలు చెప్పిండ్రు?" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

ముసలామె చేట కింద పెట్టింది. "ఇన్నేండ్లు ఈయన సాయెబునంటె సాయెబులే నవ్విండ్రు. తుపాకులొచ్చినంక ఊరంత ఏలు పెట్టి సూపెడుతున్నది, గీయన సాయెబని. బొట్టు నేనే పెట్టిన. ఇంకెందుకొస్తివి తల్లీ?"

"అవ్వా, తల్లికి రక్తం పోతున్నది. పసిది పాలు ముట్టలే."

"నాకు సక్కగ రాదు బిడ్డా" అన్నాడు ముసలాయన. "మా నాయిన నా కొడుకు చెవుల చెప్తుంటె ఇన్న. ఎన్నడో సంగతి. తప్పు చెప్తె పాపం గాదా?"

"తాతా, నేను చెప్పిన దానికంటె నయమే ఉంటది" అన్నాడు గౌడన్న.

"నువ్వేం చెప్పినవు?"

చెప్పాడు. అరిచి మరీ చూపించాడు. ముసలామెకు నవ్వు ఆగలేదు. ముసలాయన కూడా నవ్వాడు, అన్ని రోజుల తరువాత మొదటిసారి నవ్వినవాడిలా. నవ్వి, అడిగాడు. "ఎవల కోడలు?"

ఎవరి ఇల్లో చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నేను ఏకిన పరుపు మీద కూసోమని ఆ ఇంట్ల ఎవ్వలనలే."

ఆ మాటకు జవాబు ముసలామె ఇచ్చింది. లేచి వచ్చి, మూలనున్న దూది ఏకే విల్లు తీసి ఆయన చేతిలో పెట్టింది. "పరుపు సంగతి పరుపుతోని. పసిదాని గొంతు ఎండుతున్నది, లెవ్వు. ఉత్త చేతులతోని పోతె యాడికని అడుగుతరు. దవాఖానల దూది ఏకనీకె పోతున్ననని చెప్పు." ఒక పత్తి మూట కూడా తెచ్చి బండిలో వేసింది.

గుడారాల దగ్గర ఈసారి ఆపారు. సిపాయి మనకు రాని భాషలో ఏదో అడుగుతూ విల్లు వైపు వేలు చూపించాడు. దాన్ని ఏ ఆయుధమనుకున్నాడో! ముసలాయన విల్లు నారిని ఒకసారి మీటాడు. టంగుమని మోగింది. సిపాయి ఒక అడుగు వెనక్కి వేసి, తరువాత తనే సిగ్గుపడి నవ్వాడు. నుదుటి మీది బొట్టు చూశాడు. పొమ్మన్నాడు.

మేము వచ్చేసరికి నర్సమ్మ మంచం పక్క నుంచి కదలలేదు. రెండు చేతులూ మార్చి మార్చి రుద్దుతోంది, చెమట ముక్కు మీద నుంచి కారుతోంది. వేడినీళ్ల సీసాల మధ్య బుట్టలో బిడ్డ పడుకుని ఉంది, పెదవులు ఎండి. తల్లి ముఖం ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది.

ముసలాయన నీళ్లు అడిగాడు. చేతులు, నోరు, ముఖం, కాళ్లు ఒక వరసలో కడుక్కున్నాడు. నుదుటి మీది బొట్టు నీళ్లతో పాటు పోయింది. తెర దగ్గరికి వచ్చి అక్కడే నిలబడిపోయాడు, వాకిలి దాటి అలవాటు లేని మనిషి కదా. ఆ తల్లి చేయి చాచి తెర పక్కకు లాగింది.

"చాచా, ఆడ నిలబడకు. గీడ కూసో, మంచం మీద."

ఆ 'చాచా' అన్న మాటకు, అంటే 'చిన్నాయనా' అన్నదానికి, ఆయన తల ఎత్తాడు. కూర్చున్నాడు, అంచున. బిడ్డను ఒళ్లో పెట్టాను. కుడి చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టాడు. మెల్లగా, నిద్రపోతున్నవాళ్లకు దుప్పటి కప్పినట్టుగా. దేవుడు గొప్పవాడనే మొదటి మాట సరిగానే వచ్చిందట. ఆ తరువాతది కూడా. ఆ తరువాత ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మా వైపు చూశాడు. మేం ఏం అందించగలం? గౌడన్న తలుపు దగ్గర నిలబడి మొదటిసారి నోరు మూసుకున్నాడు.

అప్పుడు మంచం మీది నుంచి ఆ తల్లి, కళ్లు తెరవకుండానే, పెదవులతో ఒక మాట అంది. ఆయన అందుకున్నాడు, బిడ్డ చెవిలో వేశాడు. ఆమె ఇంకో మాట అంది. ఆయన అందుకున్నాడు. అట్లా ఆమె అనడం, ఆయన చెప్పడం, చివరిదాకా. నర్సమ్మ తల వంచుకుని నిలబడింది కానీ చేయి మాత్రం పొట్ట మీద నుంచి తీయలేదు. నేను దీపం పట్టుకోలేదు, దండం పెట్టలేదు, ఏం చేయాలో తెలియక బిడ్డ పాదం పట్టుకుని ఉండిపోయాను. అది నా వేలంత కూడా లేదు.

అయిపోగానే తల్లి చేతులు చాచింది. బిడ్డకు చీకే బలం లేదు. చుక్క చుక్కగా పిండి పెదవులు తడిపాం. మొదట పట్టించుకోలేదు. తరువాత నాలుక కదిలింది. ఆ తరువాత నోరు వెతుక్కుంది. పట్టుకుంది.

"గట్టిపడుతోంది!" అంది నర్సమ్మ ఉన్నట్టుండి. "చూడవే, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు, గట్టిపడుతోంది!" చేయి పెట్టాను. రొట్టె పిండిలా మెత్తగా ఉన్న పొట్ట కింద గర్భసంచి కొబ్బరికాయలా బిగుసుకుంటోంది. నర్సమ్మ అక్కడే నేల మీద కూలబడి, తన చేతులు తానే ఒత్తుకుంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తరువాత ఆమె కన్ను పత్తి మూట మీద పడింది. "తాతగారూ, ఆ దూది ఏకి పెట్టండి. పాపని దూదిలో పొదగాలి, వెచ్చగా ఉండాలి." అబద్ధానికి తెచ్చిన పని నిజమైంది. ఆయన మా వసారాలో కూర్చుని మధ్యాహ్నమంతా ఏకాడు. మేఘం ముక్కల్లా దూది లేస్తుంటే గౌడన్న ఏరి తెచ్చి ఇచ్చాడు. బిడ్డను ముక్కూ కళ్లూ మాత్రం కనబడేలా అందులో పెట్టాం. ఆ పిల్ల ఎవరి బిడ్డో కానీ, ఆ పూటకు పత్తికాయలో గింజలా ఉంది.

పొద్దు వాలుతుండగా ముసలాయన లేచాడు. అప్పుడు చూశాను, నుదురు ఖాళీగా ఉంది. లోపలికి పరిగెత్తి నా కుంకుమ భరిణె తెచ్చాను. ఆయన వంగబోయాడు. వంగబోయి ఆగాడు.

"వద్దు బిడ్డా. గీ మొకంతోని చెప్పిన. గీ పూటకు గీ మొకంతోనే ఇంటికి పోత."

"తాతా, తొవ్వల వాళ్లున్నరు" అన్నాడు గౌడన్న.

"నువ్వున్నవు గద. దూలా అను, బెదురుతరు."

గౌడన్న నవ్వలేదు. ఆయనను బండిలో వెనక కాదు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. గుడారాల దగ్గర బండి ఆగింది. దూరానికి మనుషులు చీమల్లా కనబడుతున్నారు, ఎవరేమంటున్నారో వినబడదు. నర్సమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. కాసేపటికి టంగుమని నారి మోగింది. తరువాత బండి కదిలింది.

ఆ తల్లీ బిడ్డా మా దగ్గర చాలా రోజులున్నారు. అమ్మ చనుబాలు, తల్లి కోసం ముసలామె పంపిన పచ్చజొన్న గటక, నర్సమ్మ తిట్లు, అన్నీ కలిసి బిడ్డకు బుగ్గలు వచ్చాయి. ఆ ఏడు పీరీలు లేపాలా వద్దా అని ఊళ్లో తర్జనభర్జన పడ్డారు. గౌడన్న లేపాడు. అయితే ఎత్తేముందు ఆ తల్లి దగ్గరికి వచ్చి, "తప్పేమన్న ఉంటె ముందే చెప్పు" అని అడిగి మరీ పోయాడు.

ఇప్పుడు కాలం మారింది. దూదేకుల పిల్లలు చదువుకుని ఆ మాటలు మనం నోరు తిరగనంత చక్కగా పలుకుతున్నారు, సంతోషం. ప్రతి గుడికీ, మసీదుకూ, చర్చికీ మైకులొచ్చాయి. ఎవరి మతం ఏదో ఇప్పుడు అందరికీ స్పష్టంగా తెలుసు, నాలా తికమకపడే వాళ్లు తగ్గారు. మంచిదే. కానీ ఆ తికమకలోనే నేను చాలామంది ఇళ్లలోకి పోగలిగాను, అందుకు నాకు ఏ చింతా లేదు.

ఆ జవాను తిరిగొచ్చాడు బిడ్డలారా. వరంగల్లు జైలు నుంచి, ఎముకల గూడులా. మా దవాఖాన వసారాలోనే మొదటిసారి బిడ్డను ఎత్తుకున్నాడు. ఎత్తుకోగానే చెవి దగ్గరికి వంగాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"అయింది. చాచా చెప్పిండు."

"ఏ చాచా?"

ఆమె పింజారాయన పేరు చెప్పింది. అతను కొంతసేపు ఆమెను చూశాడు, బిడ్డను చూశాడు. మళ్లీ చెప్పలేదు. బిడ్డను భుజాన వేసుకుని, ఇంటి దారి పట్టకుండా, టేకుమట్ల దారిన నడిచాడు.

మీ ఇళ్లు చల్లగా ఉండాలి తల్లులారా. మీ ఇంట పుట్టే ప్రతి బిడ్డ నోటికీ పాలు, చెవికీ మంచి మాట అందాలి. మాట మధ్యలో తడబడినవాడికి మీ ఇంట్లోంచి ఒక గొంతు అందివ్వాలి. మీ వాకిట నిలబడ్డ మనిషిని మీ మంచం మీద కూర్చోబెట్టుకునే మనసు మీ పిల్లల పిల్లలదాకా ఉండాలి.